సమన్వయం ఎవరిది? కష్టం ఎవరిది?

ఫరీదాబాద్ కొండలు, యమున ఒడ్డు కార్మికోద్యమానికి చెబుతున్న పాఠం

ఈ మధ్య పాలకుల నోట ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. అది సమన్వయం. వాతావరణం మారుతున్నది, ఎండలు ముదురుతున్నవి, వానలు గతి తప్పుతున్నవి. కనుక గ్రామీణ జిల్లాల్లో ప్రజలే పూనుకొని ఈ మార్పును తట్టుకునే ఏర్పాట్లు చేసుకోవాలట. చెరువుల పూడిక తీసుకోవాలి, చెట్లు నాటుకోవాలి, తక్కువ నీటితో పండే పైర్లు వేసుకోవాలి. వీటికి ప్రజాసముదాయ ఆధారిత పథకాలని పేరు పెట్టారు. ఆ పథకాలను సమన్వయం చేసే బాధ్యతను మాత్రం ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, విదేశీ దాతలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలు తమలో తాము పంచుకున్నాయి. పని సముదాయానిది, పెత్తనం సమన్వయకర్తలది. ఈ పంపకాన్ని మేము అంగీకరించడం లేదు.

ఈ పథకాలు అనవసరమని మేము అనడం లేదు. వాతావరణ మార్పు బూటకమని వాదించే వారితో మాకు పొత్తు లేదు. ఎండలో పనిచేసేవాడికి ఎండ ముదిరిన సంగతి శాస్త్రజ్ఞుడు చెప్పకముందే తెలుసు. మా ప్రశ్న వేరు. చెరువు ఎవరు తవ్వాలో నిర్ణయించేవారు, ఆ నీరు ఎవరికి అందాలో కూడా నిర్ణయిస్తున్నారు. తవ్విన చేతులకు ఆ నిర్ణయంలో చోటు లేదు. కూలి, భూమి, నీరు, ఇల్లు అనే నాలుగు విషయాలపై అధికారం ఎవరిదో తేల్చకుండా జరిపే సమన్వయం అధికారుల సమావేశంగానే మిగిలిపోతుంది. దానిలో సముదాయం పేరు వుంటుంది, సముదాయం వుండదు.

ఈ మాటను గాలిలో చర్చించడం మా ఉద్దేశం కాదు. కనుక ఒక జిల్లాను తీసుకొని పరిశీలిద్దాం.

కొండకూ నదికీ నడుమ

ఢిల్లీకి దక్షిణాన హర్యానా రాష్ట్రంలో ఫరీదాబాద్ వున్నది. దేశ విభజన తర్వాత వాయవ్య సరిహద్దు ప్రాంతం నుండి వచ్చిన శరణార్థుల కోసం నిర్మించిన పట్టణం కొద్ది కాలంలోనే ఉత్తర భారతంలో పేరుపొందిన పారిశ్రామిక కేంద్రమయింది. ఫరీదాబాద్ అనగానే ట్రాక్టర్లు, యంత్ర భాగాలు, రబ్బరు, అద్దకం కార్ఖానాలు గుర్తుకు వస్తాయి. పల్లె గుర్తుకు రాదు. కాని ఈ జిల్లాకు పడమట ఆరావళి కొండలు, వాటి మీద గ్రామాలు వున్నాయి. తూర్పున యమున, దాని ఒడ్డున పొలాలు వున్నాయి. నడుమ రైలు మార్గం, జాతీయ రహదారి వెంట కర్మాగారాలు నిలిచి వున్నాయి. కొండ మీద పడిన వాన రాతి పగుళ్ళ గుండా భూమిలోకి ఇంకి బోరు నీరవుతుంది. యమున ఇసుక పొరల్లోకి దింపిన పెద్ద బావుల నుండి పట్టణానికి మంచినీరు వస్తుంది. కొండ చెడినా, నది చెడినా కర్మాగారంలోని కార్మికుని కుండ ఎండుతుంది. ఇక్కడ పల్లె సమస్య వేరు, పట్టణ సమస్య వేరు అనడానికి వీలులేదు.

నీటిని కాచుకోవడం ఈ నేలకు కొత్త విద్య కాదు. సూరజ్‌కుండ్ జలాశయం పదో శతాబ్దం నాటిది. దానికి సమీపంలోని అనంగ్‌పూర్ రాతి ఆనకట్ట కూడా తోమర్ రాజుల కాలానిదే. ఆనాడు రాళ్ళు మోసినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేకపోయినా, వారి పని వెయ్యేళ్ళు నిలిచింది. మన కాలపు పని సంగతి చూడండి. 1947లో కట్ట వేసి ఏర్పరచిన బడ్ఖల్ సరస్సు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే ఎండిపోయింది. చుట్టూ గనులు తవ్వి నీటి దారులను ఛిద్రం చేశారు. అడుగున భూగర్భ జలాన్ని తోడివేశారు. ఫరీదాబాద్, బల్లభ్‌గఢ్ పట్టణ ప్రాంతంలో భూగర్భ జలం తోడకంపై కేంద్ర ప్రాధికార సంస్థ 1998లోనే ఆంక్షలు ప్రకటించవలసి వచ్చింది. ఎండిన సరస్సును శుద్ధి చేసిన మురుగునీటితో నింపే పథకం తర్వాత వచ్చింది. మొదట పోగొట్టడానికి ఒక లాభం, పిదప నింపడానికి ఒక కాంట్రాక్టు!

అవే ఐదు జిల్లాలు

ప్రజలను కలుపుకొని కొండలను బాగుచేసే పథకం ఫరీదాబాద్‌కు కొత్తగా రాలేదు. 1990లో ఐరోపా దేశాల ఉమ్మడి సంస్థ ఇచ్చిన ధనంతో హర్యానా అటవీశాఖ ఆరావళి ఉమ్మడి భూముల పునరుద్ధరణ పథకాన్ని చేపట్టింది. గుర్‌గావ్, ఫరీదాబాద్, రేవాడీ, మహేంద్రగఢ్, భివానీ దాని పరిధిలోని ఐదు జిల్లాలు. గ్రామ అటవీ కమిటీలు ఏర్పడ్డాయి. పంచాయతీ భూముల్లో మొక్కలు నాటారు. మేత మేపే పశువులను కొంతకాలం ఆపమని గ్రామస్థులను కోరారు. ఆ దశాబ్దంతో పథకమూ ముగిసింది.

2023 మార్చి 25న కేంద్ర పర్యావరణ మంత్రి హర్యానాలోని టిక్లీ గ్రామంలో ఆరావళి హరిత కుడ్య పథకాన్ని ప్రారంభించారు. కొండల చుట్టూ అయిదు కిలోమీటర్ల మేర పచ్చదనం పెంచడం, తొలిదశలో 75 జలవనరులను బాగుచేయడం దాని లక్ష్యాలని ప్రకటించారు. హర్యానాలో దాని పరిధిలోకి వచ్చే జిల్లాల పేర్లు చదవండి: గురుగ్రామ్, ఫరీదాబాద్, రేవాడీ, మహేంద్రగఢ్, భివానీ. ముప్పై మూడేళ్ళ తర్వాత అవే ఐదు జిల్లాలు, అవే కొండలు! దాత మారాడు, పేరు మారింది.

మొదటి పథకంలో నాటిన మొక్కలు వృథా అని మేము అనబోము. అవి వున్న భూములను అడవిగా పరిగణించాలన్న విషయం 2004 నాటికి సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా ఎక్కింది. కాని ఆ పథకాన్ని చూసి అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది. ధనం పదేళ్ళకు ఆగుతుంది. చెట్టు ఎదుగుదల పదేళ్ళకు ఆగదు. ధనం ఆగిన మరునాడు కాపలా మనిషికి కూలి ఎవరు ఇస్తారు? మేత భూమి వదులుకున్న పశువుల కాపరికి బదులు ఏమిటి? కమిటీ తీర్మానాన్ని అతిక్రమించిన పలుకుబడి కలవాడిని శిక్షించే అధికారం కమిటీకి ఏ చట్టం ఇచ్చింది? కొత్త పథకాన్ని సమన్వయం చేయబోయేవారు మొదట ఈ మూడింటికి జవాబు చెప్పాలి.

అంతకంటె పెద్ద ప్రశ్న భూమి గురించినది. ఆరావళి గ్రామాల కొండలు ఒకప్పుడు శామిలాత్ భూములు, అంటే ఊరి ఉమ్మడి భూములు. 1970, 1980 దశకాల్లో పలు గ్రామాల్లో ఇవి వ్యక్తుల వాటాలుగా విభజింపబడి, చేతులు మారి, ఢిల్లీ ధనికుల ఫాంహౌస్‌లుగా, వ్యాపారుల ఆస్తులుగా తేలాయి. వాటా లేని భూమిహీనునికి మిగిలిందేమిటి? ఊరికి ఉమ్మడిగా భూమి లేకుండా చేసి, ఆ ఊరినే సముదాయమని పిలిచి, ఆ సముదాయాన్ని కొండ కాపాడమనడం ఎంత పెద్ద పరిహాసం!

మరొక చిత్రం చూడండి. ఒక చేత్తో మొక్క నాటిస్తున్న ప్రభుత్వమే రెండో చేత్తో కొండకు వున్న రక్షణ తీసివేయజూసింది. 1900 సంవత్సరపు పంజాబ్ భూసంరక్షణ చట్టం కొండల్లో చెట్ల నరకడం, నేల తవ్వడం మీద ఆంక్షలు పెట్టింది. దానిని సడలిస్తూ హర్యానా శాసనసభ 2019 ఫిబ్రవరిలో సవరణ బిల్లును ఆమోదించింది. కొద్ది రోజులకే, మార్చి 1న, సుప్రీంకోర్టు ఆగ్రహించి ఆ సవరణపై ముందుకు పోవద్దని ఆదేశించింది. ఆ చట్టం కింద ప్రత్యేక ఉత్తర్వులున్న భూములు అడవులేనని 2022 జూలై 21న స్పష్టం చేసింది. పిమ్మట 2025 నవంబరు 20న, చుట్టుపట్ల నేలకన్న 100 మీటర్లు లేక అంతకు మించి ఎత్తున్న వాటినే ఆరావళి కొండలుగా గుర్తించే నిర్వచనాన్ని అదే న్యాయస్థానం ఆమోదించింది. దేశమంతటా నిరసన రేగిన తర్వాత డిసెంబరు 29న ఆ ఉత్తర్వును తానే నిలుపుదల చేసింది. కొండ అంటే ఏమిటో తేలని చోట కొండ రక్షణకు సమన్వయ సమావేశాలు జరుగుతున్నాయి. నూరు మీటర్ల లోపు గుట్ట మీద పడిన వాన భూమిలోకి ఇంకదా? ఈ నిర్వచనం గురించి ఆ గుట్టల కింద బతికే గ్రామసభలను ఎవరైనా అడిగారా?

రాయి కొట్టినవాడి కథ

ఇప్పుడు కార్మికోద్యమం గుండెకు తగిలే విషయానికి వద్దాం.

ఫరీదాబాద్ రాతి గనుల్లో వెట్టి కార్మికుల దుస్థితిని వివరిస్తూ బంధువా ముక్తి మోర్చా 1982 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం వ్రాసింది. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించిన న్యాయస్థానం విచారణకు మనుషులను పంపింది. వారు చూసినదేమిటి? ఊపిరాడని రాతి దుమ్ము, తాగడానికి మురికి నీరు, రాళ్ళు పేర్చి గడ్డి కప్పిన గుడిసెలు, గాయపడితే పరిహారం లేని బతుకులు. 1983 డిసెంబరు 16న జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఇచ్చిన తీర్పు వెట్టి కార్మికులను గుర్తించి విడిపించాలని, కనీస వేతనం, శుభ్రమైన తాగునీరు, వైద్యం అందించాలని హర్యానా ప్రభుత్వాన్ని ఆదేశించింది. భారత కార్మిక న్యాయ చరిత్రలో ఆ తీర్పు ఒక మైలురాయి.

తర్వాత ఏమి జరిగింది? పర్యావరణం పేరుతో మరొక కేసు నడిచింది. 2002 మే నెలలో ఢిల్లీ సరిహద్దుకు అయిదు కిలోమీటర్ల లోపల కొండల్లో తవ్వకాలు ఆగాయి. 2009 మే 8న ఫరీదాబాద్, గుర్‌గావ్, మేవాత్ జిల్లాల ఆరావళి అంతటా గనుల తవ్వకం నిలిపివేయబడింది. కొండను కాపాడవలసిన అవసరం వున్నది. ఆ నిషేధాన్ని మేము తప్పు పట్టడం లేదు. గని యజమాని తన సొమ్ముతో మరొక వ్యాపారానికి మళ్ళగలడు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము నింపుకున్న కూలీ ఎక్కడికి మళ్ళాలి? అతడు వెలికితీసిన రాయితో ఢిల్లీ మేడలు లేచాయి. గని మూసిన రోజున అతని ఉపాధి గురించి ఆలోచించే సమన్వయ సంఘం ఒక్కటీ లేదు.

కథ అంతటితో ముగియలేదు. గని కూలీలు నెలకొల్పుకున్న గుడిసెల నుండి పెరిగిన వాడ ఖోరీ గ్రామం. 2021 జూన్ 7న ఆ అటవీ భూమిలోని కట్టడాలను ఆరు వారాల్లో తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కరోనా మహమ్మారి సాగుతున్న రోజుల్లో, వానాకాలంలో, దాదాపు పది వేల ఇళ్ళు వున్న ఆ వాడను నేలమట్టం చేశారు. ఖాళీ చేయించడం ఆపమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణులు కోరినా ఆగలేదు. అవే కొండల్లోని ఫాంహౌస్‌ల, విందు మందిరాల తొలగింపు మాత్రం 2025లో కూడా సాగుతూనే వున్నది. పేదవాడి ఇంటికి ఆరు వారాలు, ధనికుని విడిదికి నాలుగేళ్ళు!

ఈ మూడు ఘట్టాలను ఒక వరుసలో పెట్టి చూడండి. 1983లో కార్మికునికి హక్కులు కాగితం మీద వచ్చాయి. 2009లో పని పోయింది. 2021లో ఇల్లు పోయింది. ప్రకృతిని కాపాడే నిర్ణయాలు జరిగే చోట కార్మికునికి కుర్చీ లేనప్పుడు ఆ నిర్ణయపు భారమంతా అతని నెత్తిన పడుతుంది. అలాగే, ప్రకృతి విషయం తనది కాదని కార్మిక సంఘం పక్కకు తప్పుకుంటే, పని కోసం చివరకు గని కాంట్రాక్టరు వెనుక నిలబడి కొండను తవ్వనిమ్మని అడుక్కునే దుస్థితికి కార్మికుడు నెట్టబడతాడు. ఈ రెండు గోతులనూ తప్పించుకొనే దారి ఒక్కటే. నిర్ణయం జరిగే చోట సంఘటిత కార్మికుడు వుండాలి.

నది ఒకటి, యజమానులు ముగ్గురు

తూర్పు వైపు పరిస్థితి వేరుగా లేదు. 2023 జూలై 13న ఢిల్లీ వద్ద యమున 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. దిగువన ఫరీదాబాద్ జిల్లా తీర గ్రామాలు నీట మునిగాయి. 2025 సెప్టెంబరులో నది మరల 207 మీటర్లు దాటింది. ఎగువన హత్నీకుండ్ బ్యారేజి హర్యానాది. నడుమ పారే నది ఢిల్లీది. ఓఖ్లా నుండి ఫరీదాబాద్ పొలాల మీదుగా పోయే ఆగ్రా కాలువ 1874 నుండి పారుతున్నది. దాని తూములపై అధికారం నేటికీ ఉత్తరప్రదేశ్ నీటిపారుదల శాఖది. ఆ కాలువలో పారేది చాలావరకు రాజధాని మురుగు. ఆ మురుగులో మోకాటి లోతున దిగి మడి కట్టే కూలీ మాత్రం ఈ మూడు ప్రభుత్వాల్లో ఎవరి మనిషీ కాడు.

సమన్వయమనేది నిజంగా అవసరమైన చోటు ఇది. మూడు రాష్ట్రాల శాఖలు ఒక బల్ల ముందు కూర్చొని, ఎంత నీరు ఎప్పుడు వదులుతున్నారో దిగువ గ్రామాలకు గంటల ముందు తెలిపి, కాలువలో శుద్ధి చేసిన నీరే పారేటట్లు చూడాలి. దీనిని ఏ గ్రామ కమిటీ చేయలేదు. పైవారు చేయవలసిన పని ఇలా మిగిలిపోగా, గ్రామస్థులకు వరదను తట్టుకోవడంపై శిక్షణ తరగతులు నడపడం బాధ్యతను కిందికి దొర్లించడం గాక మరేమిటి?

వరద పోయిన తర్వాత నష్టపరిహారం భూమి రికార్డును చూసి వస్తుంది. నోటి మాట మీద కౌలు చేసినవానికి, కోతల కూలి మీద ఆధారపడినవానికి రికార్డులో పేరు లేదు. తెలుగు పాఠకులకు ఈ బాధ బాగా తెలుసు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ప్రత్యేక చట్టం తేవలసి వచ్చింది గదా! రికార్డులో లేని మనిషి సముదాయంలోనూ వుండడు. ఆపదలో మొదట మునిగేది అతడే, లెక్కలో చివరకు వచ్చేదీ అతడే.

ఇది సంఘం పని కాదా?

కార్మికోద్యమంలోనే కొందరు మిత్రులు అంటున్నారు: వేతనాలు, బోనస్, పర్మినెంటు ఉద్యోగాలు, లేబర్ కోడ్‌ల మీద పోరాటం మన పని; చెట్లు, చెరువులు మరొకరి పని. ఈ వాదానికి మేము గట్టిగా సమాధానం చెప్పదలచాము.

2015 మే, జూన్ నెలల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా మరణించారు. నీడ పట్టున కూర్చొనే వీలు లేక ఎండన పడి పనిచేసిన కూలీలకు, పట్టించుకునేవారు లేని ముసలివారికి ఆ ముప్పు అందరికన్న ఎక్కువ. వడదెబ్బ పని స్థలంలో తగిలితే అది పారిశ్రామిక ప్రమాదం కాదా? కర్మాగారంలో గాలి, ఉష్ణోగ్రత గురించి 1948 ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షన్ వుండేది. ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్న కొత్త కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి తెచ్చారు. రేకుల షెడ్డు కింద ఎంత వేడి దాటితే పని ఆపాలి, ఆపిన గంటలకు కూలి ఎవరివ్వాలి అన్న ప్రశ్న వేతన ప్రశ్న కాకపోతే మరేమిటి? రేకుల షెడ్డులో కాంట్రాక్టు కార్మికుని ఉడికించే యాజమాన్యాలు, లాభాల్లో రెండు శాతం లెక్కన తీసిన సామాజిక బాధ్యత నిధితో పక్క ఊళ్ళో మొక్కలు నాటి ఫొటోలు దిగుతుంటే, సంఘం చూస్తూ వుండవలసిందేనా?

పల్లెలో పైరు పోతే కూలీ పట్నం దారి పడతాడు. పాలమూరు నుండి బొంబాయికి, అనంతపురం నుండి బెంగుళూరుకు పోయిన వలసల చరిత్ర మన కళ్ళ ముందు వున్నది. ఫరీదాబాద్ కార్ఖానాలకు బీహారు, ఉత్తరప్రదేశ్ పల్లెల నుండి జనం రావడం వెనుకా ఇదే కథ. పల్లెలో నీరు ఎండితే పట్నంలో కూలి రేటు పడిపోతుంది. కనుక ఆ నీటి సంగతి పట్టించుకోని సంఘం రేపు తన వేతన బేరాన్ని తానే బలహీనం చేసుకుంటుంది.

తెలుగు నేల చూపిన మార్గం

ప్రజల చేతికి పని ఇస్తే చేయగలరా అని సందేహించేవారికి ఫరీదాబాద్‌లో కాదు, మన జిల్లాల్లోనే జవాబు దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుండి కొన్నేళ్ళపాటు ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఆవాసాల్లో రైతులు, వారిలో స్త్రీలు కూడా, తామే వానను కొలిచారు, బోరు బావుల్లో నీటి మట్టాన్ని కొలిచారు. ఎంత నీరు ఇంకింది, ఏ పైరుకు ఎంత కావాలి అని ఊరంతా కూర్చొని లెక్క కట్టారు. బడి చదువు అంతంతమాత్రమైనవారు జలశాస్త్రం చేతబట్టారు. అంకె ఊరి చేతిలో వుంటే ఊరు ఆలోచించగలదని ఆ పథకం రుజువు చేసింది. అయితే ఆ లెక్క బోరు, భూమి వున్నవారి లెక్క. పైరు మార్చితే పోయే కూలి దినాల గురించి కూలీ కూడా తన లెక్క చెప్పాలి. ఆ లెక్క చెప్పడానికి వ్యవసాయ కార్మిక సంఘం ఆ సమావేశంలో వుండాలి.

రెండో ఉదాహరణ సామాజిక తనిఖీ. గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయింది. ఆ చట్టం కింద చేసిన పనుల మస్టరు రోలును ఊరి నడుమ పైకి చదివి, ఈ పని నువ్వు చేశావా, ఈ కూలి నీకు అందిందా అని అడిగే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రవ్యాప్తంగా అమలు జరిపింది. దొంగ పేర్లు బయటపడ్డాయి, తిన్న సొమ్ము కక్కించే సందర్భాలు వచ్చాయి. లోపాలు ఎన్ని వున్నా, జవాబు చెప్పవలసిన అధికారి కూలీ ఎదుట నిలబడిన దృశ్యం అది. సమన్వయమంటే మాకు తెలిసిన అర్థం అదే.

వీటి పక్కన కేంద్ర ప్రభుత్వపు తీరును పెట్టి చూడండి. వాతావరణ మార్పును తట్టుకునే పథకాల కోసం జాతీయ నిధిని 2015లో ప్రారంభించి నాబార్డు చేతికి ఇచ్చారు. దేశమంతటికీ మంజూరు చేసినవి 30 పథకాలు, దాదాపు 847 కోట్ల రూపాయలు. మహబూబ్‌నగర్ జిల్లా వ్యవసాయ కుటుంబాల పథకం వాటిలో ఒకటి. 2022 నవంబరు నుండి ఆ నిధిని పథకాల జాబితాలోంచే తప్పించారు. ఏడేళ్ళకే మూత! చెరువు కట్టలు, చెక్ డ్యాములు, మొక్కల పెంపకం వంటి పనుల్లో అత్యధిక భాగాన్ని నిజంగా మోసిన ఉపాధి హామీ చట్టాన్ని 2025 డిసెంబరులో రద్దుచేసి కొత్త చట్టం తెచ్చారు. 125 రోజులని అంకె పెంచారు. పెద్ద రాష్ట్రాలపై 40 శాతం ఖర్చు మోపారు. అడిగినంత పనికి నిధి అనే సూత్రం పోయి, కేంద్రం నిర్ణయించిన కేటాయింపు మేరకే పని అనే సూత్రం వచ్చింది. హక్కును కోసి, పథకాన్ని కుట్టి, దానికి సమన్వయమని పేరు పెడితే ఒప్పుకొనేంత అమాయకులం కాము.

మా కోరికలు

ప్రతి గ్రామీణ జిల్లాలోనూ ఈ క్రింది విషయాలు అమలు జరగాలని మేము కోరుతున్నాము:

1. వాతావరణ మార్పును తట్టుకునే పథకాల సమన్వయం ఎన్నికైన జిల్లా పరిషత్తు కింద జరగాలి. దానిలో గ్రామసభలు ఎన్నుకున్న ప్రతినిధులకు, వ్యవసాయ, గని, నిర్మాణ, ఫ్యాక్టరీ కార్మిక సంఘాల ప్రతినిధులకు సలహా హోదా కాదు, ఓటు వుండాలి.

2. ధనం ప్రభుత్వానిదైనా, విదేశీ దాతదైనా, కంపెనీదైనా ఊరి పరిధిలో ఖర్చయ్యే ప్రతి రూపాయి ఒకే పుస్తకంలో ఎక్కాలి. ఏడాదికి రెండుసార్లు ఆ పుస్తకాన్ని గ్రామసభలో పైకి చదివి సామాజిక తనిఖీ జరపాలి.

3. శ్రమదానం పేరుతో పేదల చేత ఉచితంగా పని చేయించడం ఆపాలి. నాటిన చెట్టుకు, తవ్విన చెరువుకు కాపలా, నిర్వహణ పనులను కనీస వేతనంతో కూడిన శాశ్వత పనులుగా గుర్తించాలి.

4. ఊరి ఉమ్మడి భూములు, గుట్టలు, నీటి దారులు అన్యాక్రాంతం కాకుండా కాపాడాలి. పోయినవాటిని తిరిగి ఊరికి చేర్చాలి. వాటి హద్దులు, నిర్వచనాలు మార్చే ముందు గ్రామసభల ఆమోదం పొందాలి.

5. పర్యావరణ రక్షణ కోసం ఒక పనిని నిలిపివేసినపుడు, ఆ ఉత్తర్వు వెలువడిన నాటికే కార్మికులకు బదులు ఉపాధి, వైద్యం, ఇంటి స్థలం సిద్ధంగా వుండాలి. ఖోరీ మరొకచోట జరగరాదు.

6. పరిహారాల్లో కౌలుదారులను, కూలీలను లెక్కించాలి. తీవ్రమైన ఎండ రోజుల్లో పని వేళలు మార్చి, నీడ, మంచినీరు, విశ్రాంతి కల్పించాలి. ఆగిన గంటలకు కూలి కోత వుండరాదు.

ఈ కోరికలు ఎవరో దయతలచి తీర్చేవి కావు. అందుకు మన శాఖలు చేయవలసిన పని కూడా వున్నది. ప్రతి జిల్లా శాఖ తన ప్రాంతంలో నడుస్తున్న ఇటువంటి పథకాల జాబితాను తయారుచేయాలి. వాటికి ధనం ఎక్కడిది, కమిటీలో ఎవరున్నారు, కూలి ఎంత ఇస్తున్నారు అన్న మూడు ప్రశ్నలకు సమాచార హక్కు చట్టం కింద జవాబు రాబట్టాలి. ఫ్యాక్టరీ సంఘాలు తమ పరిసర గ్రామాల వ్యవసాయ కార్మిక సంఘాలతో కలిసి వేసవికి ముందే ఉమ్మడి సభలు జరపాలి. కొండ, కాలువ, కార్ఖానా మూడూ ఒకే జిల్లాలో వున్న ఫరీదాబాద్ వంటి చోట ఈ ఐక్యత లేనందువల్ల కార్మికుడు పనినీ ఇంటినీ కూడా పోగొట్టుకున్నాడు. ఆ నష్టం మరొక జిల్లాలో జరగకుండా చూడవలసిన బాధ్యత మనదే. శాఖలన్నీ ఈ కోరికలపై చర్చించి, తమ తీర్మానాలను, జిల్లా జాబితాలను రానున్న వేసవిలోపు సమాఖ్య కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.